నేరకథల పాత్రాభినయ ఆటల్లో కుటుంబ విధేయత

బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుని, తలా ఒక పాత్రను తీసుకుని, చిక్కు వచ్చినచోట పాచికలు వేస్తూ, నోటిమాటతో కథ నడిపించే ఆటలను టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేములంటారు. తెలుగులో పాత్రాభినయ ఆటలు అనుకోవచ్చు. దొంగలు, ముఠా నాయకులు, దొంగసారా వ్యాపారులు, కిరాయి హంతకులు ప్రధాన పాత్రలుగా ఉండేవి వాటిలో ఒక పెద్ద శాఖ. రక్తం పంచుకున్నవాళ్ళ కోసం మనిషి ఎంతవరకు తెగిస్తాడు, ఎక్కడ ఆగిపోతాడు, ఆగితే ఏం పోగొట్టుకుంటాడు అన్న ప్రశ్న ఆ శాఖలో పదేపదే ఎదురవుతుంది. ఆ ప్రశ్నను ఆటల నియమాల్లోకి ఎలా దించారో ఈ వ్యాసంలో చూద్దాం. దానితో పాటు గుంటూరు, పల్నాడు, బాపట్ల సీమకు చెందిన రెండు సందర్భాలను పక్కన పెట్టి చూడాలి. ఒకటి పల్నాటి వీరుల కథ, రెండోది స్టూవర్టుపురం చరిత్ర. కుటుంబం, పందెం, హత్య, ప్రతీకారం ముడిపడిన కథ కావాలంటే మంగళగిరివాళ్ళు మాఫియా కథల సిసిలీ దాకా వెళ్ళనక్కర్లేదు, తమ పడమటి దిక్కున ఉన్న కారెంపూడి దాకా వెళ్తే చాలు.

తొలి ఆటలు

ఈ ఆటలన్నిటికీ మూలమైన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో వెలువరించారు. మరుసటి ఏడాది వచ్చిన గ్రేహాక్ అనుబంధంలో దొంగ పాత్ర చేరింది. ఆ దొంగకు తాళాలు తీయడం, చప్పుడు లేకుండా నడవడం వచ్చు. అతనికి తల్లి ఉందో లేదో, చెల్లెలి పెళ్ళికి అప్పు చేశాడో లేదో నియమాలు అడగవు. చాలాకాలం ఈ ఆటల్లో పాత్రలు అనాథల్లాగే బతికాయి. ఊరు తగలబడిందనో, తల్లిదండ్రులు చనిపోయారనో రాసుకుంటే ఆటగాడికి వెనక బరువు ఉండదు, ఎక్కడికైనా పోవచ్చు. ఆ వెసులుబాటు వల్ల సాహసకథలకు మేలు జరిగింది, నేరకథలకు మాత్రం నష్టం కలిగింది.

1980లో అమెరికా ప్రచురణ సంస్థ ఎస్‌పీఐ అప్పటి టీవీ సీరియల్ డాలస్ పేరుతోనే ఒక ఆట తెచ్చింది. రూపకర్త జేమ్స్ డనిగన్. టెక్సస్ చమురు వ్యాపార కుటుంబంలోని అన్నదమ్ములు, కోడళ్ళు ఒకరినొకరు ఒప్పించడం, బెదిరించడం, ఆకట్టుకోవడం ఇందులోని ఆట. కత్తులు, భూతాలు లేకుండా ఒకే ఇంటివాళ్ళ కుతంత్రాలతో పాత్రాభినయ ఆట నడపవచ్చని ఇంత తొందరగా ఒకరు ఊహించారంటే ఆశ్చర్యమే. ఆట ఆదరణకు నోచుకోలేదు కానీ ఊహ మంచిది.

1982లో టీఎస్‌ఆర్ సంస్థ గ్యాంగ్‌బస్టర్స్ తెచ్చింది. మద్యనిషేధ కాలపు అమెరికాలో లేక్‌ఫ్రంట్ సిటీ అనే కల్పిత నగరం దాని రంగస్థలం. అదే నగరంలో ఒకరు పోలీసు, ఒకరు విలేకరి, ఒకరు ప్రైవేట్ డిటెక్టివ్, ఇంకొకరు గ్యాంగ్‌స్టర్ కావచ్చు. ఒకే బల్ల దగ్గర కూర్చున్న స్నేహితులు కథలో ఎదురుబొదురు పక్షాల్లో ఉండడం దీని బలం. కుటుంబం మాత్రం ఇంకా నేపథ్యంలోనే ఉండిపోయింది.

మారియో పూజో నవల గాడ్‌ఫాదర్ 1969లో, దాని సినిమా 1972లో వచ్చాయి. ముఠాను ఇల్లుగా, నాయకుణ్ణి ఇంటిపెద్దగా చూడడం ప్రపంచమంతటా అలవాటైంది అక్కడినుంచే. ఆటల రూపకర్తలకు ఈ అలవాటు ఊపిరి పోసింది, ఒక పరిమితి కూడా తెచ్చిపెట్టింది. విధేయత అంటే కింది నుంచి పైకి, కొడుకు నుంచి తండ్రికి పోయేదేనన్న భావం పాతుకుపోయింది. మన చుట్టరికాల్లో విధేయత అడ్డంగా కూడా పారుతుంది: మేనమామకు, బావమరిదికి, వియ్యంకుడికి, తోడల్లుడికి. ఈ సంగతి పల్నాటి కథ దగ్గర మళ్ళీ వస్తుంది.

విధేయతకు అంకె వేయడం

ఈ ఇతివృత్తానికి నియమాల రూపం ఇచ్చిన తొలి గట్టి ఆట నేరాల గురించిన ఆట కాదు. గ్రెగ్ స్టాఫర్డ్ 1985లో రాసిన పెండ్రాగన్ ఆర్థర్ రాజు కాలపు వీరుల ఆట. అందులో ప్రతి వీరుడి కాగితం మీద కొన్ని బలమైన మమతలు రాసి ఉంటాయి: ప్రభువు పట్ల విధేయత, కుటుంబంపై ప్రేమ, అతిథి మర్యాద, ఫలానావాళ్ళపై ద్వేషం. ఒక్కోదానికి ఒక అంకె. తమ్ముడు ప్రమాదంలో పడితే ఆటగాడు ఇరవై ముఖాల పాచిక వేస్తాడు. అంకె లోపల పడితే వీరుడికి గొప్ప ఊపు వస్తుంది. మీరితే దిగులులో కుంగిపోతాడు. మరీ చెడ్డగా పడితే మతి చలించి అడవి పాలు కావచ్చు. కథ తరాల పాటు సాగుతుంది. ఏటా చలికాలంలో పెళ్ళిళ్ళు, పుట్టుకలు, చావులు లెక్క చూస్తారు. తండ్రి పోతే కొడుకు కత్తి అందుకుంటాడు, తండ్రి పగ కూడా అతనికే సంక్రమిస్తుంది.

ఇక్కడ స్టాఫర్డ్ పట్టుకున్న మర్మం పెద్దది. ప్రేమ ఎక్కువ ఉన్నవాడికి బలం ఎక్కువ, కూలిపోయే అవకాశమూ ఎక్కువే. ఆటగాడు తన పాత్రను చల్లగా, లెక్కగా నడపాలనుకున్నా కాగితం మీది అంకె అతణ్ణి లాగుతుంది. తర్వాత వచ్చిన నేరకథల ఆటల్లో కొన్నిటికి ఈ ఆలోచనే మూలం.

1991లో మార్క్ రైన్ హేగన్ రూపొందించిన వ్యాంపైర్: ద మాస్కరేడ్ విధేయతను రక్తంలోనే పెట్టింది. ఒక పిశాచి రక్తాన్ని మూడు వేర్వేరు రాత్రులు తాగినవాడు దానికి కట్టుబడిపోతాడు, ద్వేషిస్తూనే సేవ చేస్తాడు. ఆ ఆటలోని జొవాన్ని వంశం వెనిస్ వర్తక కుటుంబం. తమ ఇంటివాళ్ళనే తమలో చేర్చుకుంటుంది, డబ్బు లావాదేవీలతో పాటు శవవిద్యనూ నడుపుతుంది. మాఫియా కుటుంబానికి ఇంతకంటే భయానకమైన రూపం ఈ ఆటల్లో అరుదు. అయినా మూడు గుక్కలతో కుదిరిన కట్టుబాటు కథగా తొందరగా ఆరిపోతుందని నా అభిప్రాయం. తప్పించుకునే వీలు ఉండి కూడా మనిషి తప్పించుకోకపోతేనే విధేయతకు అర్థం.

మంగళగిరి మగ్గం ఇంట్లో ఒక ఆట

ఈ శాఖలో నేడు ఎక్కువగా చెప్పుకునే ఆట జాన్ హార్పర్ రాసిన బ్లేడ్స్ ఇన్ ద డార్క్. 2017లో పుస్తకంగా వచ్చింది. డాస్క్‌వాల్ అనే చీకటి నగరంలో ఆటగాళ్ళంతా ఒకే ముఠా. ప్రతి పాత్రకు తొమ్మిది గళ్ళ ఒత్తిడి పట్టీ ఉంటుంది. పనిలో తెగించినప్పుడు, ఎదురుదెబ్బ తట్టుకున్నప్పుడు గళ్ళు నిండుతాయి. అన్నీ నిండితే మనసుకు ఒక శాశ్వత గాయం మిగులుతుంది. అలాంటివి నాలుగు చేరితే పాత్ర ఆటలోంచి తప్పుకోవాలి. ఒత్తిడి దించుకునే దారి ఒక్కటే, ఆ పాత్రకున్న వ్యసనం. జూదం, మత్తు, విలాసం, భక్తి వంటి వాటితో పాటు వ్యసనాల జాబితాలో హార్పర్ ‘బాధ్యత’ను కూడా చేర్చాడు. కుటుంబానికో, ఒక ఆశయానికో అంకితమై ఉండడం అన్నమాట.

కుటుంబాన్ని వ్యసనాల వరసలో కూర్చోబెట్టడం మొదట చదివినప్పుడు మనసుకు ఎక్కదు. ఆడి చూస్తే తెలుస్తుంది. దీన్ని మన ఊరికి తెచ్చి చూద్దాం.

మంగళగిరిలో గుంట మగ్గం మీద నేసిన నూలు చీరకు నిజాం అంచు ప్రత్యేకత. ఆ చీరకు భౌగోళిక గుర్తింపు ఉంది. చేనేతకు కేటాయించిన రకాలను మరమగ్గం మీద నేయకూడదని 1985లో కేంద్రం చేసిన చట్టం చెబుతుంది. కాబట్టి మరమగ్గం చీరలు తెచ్చి, చేనేత పేరుతో అమ్మే ముఠా కథ ఇక్కడ అతికినట్టు సరిపోతుంది. రాష్ట్ర పోలీసు ప్రధాన కార్యాలయం కూడా ఇదే ఊళ్ళో ఉంది కనుక కథకు ఉత్కంఠ వెతుక్కోనక్కర్లేదు. ఒక ఆటగాడు ఆ ముఠాలో బండి నడిపే కుర్రాడి పాత్ర తీసుకున్నాడనుకుందాం. వాళ్ళ నాన్న మాస్టర్ వీవర్ దగ్గర కూలికి నేసే మనిషి. అమ్మ ఆసు పోస్తుంది. కుర్రాడి వ్యసనం బాధ్యత.

ప్రతి పని తర్వాత కుర్రాడు ఇంటికి వెళ్ళి డబ్బు ఇస్తాడు. పాచికలు వేసి, వాటిలో పెద్ద అంకె ఎంతైతే అంత ఒత్తిడి దించుకుంటాడు. వెళ్ళకపోతే పాత మానసిక గాయాల లెక్కన ఒత్తిడి పెరుగుతుంది. ఉన్న ఒత్తిడి కంటే పాచిక ఎక్కువ పడితే అతి చేసినట్టు లెక్క. అప్పుడు నాలుగింటిలో ఒకటి జరగాలి: చిక్కు తెచ్చుకోవడం, చేసిన పని గురించి గొప్పలు చెప్పుకుని పోలీసుల కంట్లో పడడం, కొన్నాళ్ళు కనిపించకుండా పోవడం, లేదా వ్యసనం తీర్చేవాళ్ళే తలుపు మూసేయడం. జూదరి విషయంలో ఆ చివరిదానికి అర్థం పేకాట క్లబ్బు గెంటేసిందని. ఈ కుర్రాడి విషయంలో అమ్మ డబ్బు కట్టను గుమ్మం బయట పెట్టి, ‘ఈ డబ్బు ఎక్కడిదో నాకు తెలిసింది, నాన్న నేసిన చీర పేరు చెప్పుకుని సంపాదించిన ముద్ద ఈ ఇంట్లో ఉడకదురా’ అనడం.

ఆ క్షణం నుంచి, కొత్త చోటు వెతుక్కునేదాకా, కుర్రాడికి ఒత్తిడి దించుకునే దారి లేదు. ముఠా పనులు మాత్రం గళ్ళు నింపుతూనే ఉంటాయి. నియమం ఇక్కడ ఏ నీతీ చెప్పదు. ఇంటి కోసం చేసిన నేరం వల్ల ఇల్లే దూరమైతే మనిషి ఎంతకాలం నిలబడతాడో ఆ గళ్ళు లెక్కపెడతాయి. నేరకథల ఆటల్లో కుటుంబంపై ఇంత పదునైన నియమం నేను మరొకటి చూడలేదు.

జేసన్ మార్నింగ్‌స్టార్ 2009లో తెచ్చిన ఫియాస్కో దారి వేరు. కథను నడిపే గేమ్ మాస్టర్ ఉండడు. ముగ్గురి నుంచి ఐదుగురు ఆడతారు. తలకు నాలుగు పాచికలు, రెండు నల్లవి, రెండు తెల్లవి. పక్కపక్కన కూర్చున్న ఇద్దరి మధ్య ఒక బంధం, ఒక అవసరం లేదా ఒక వస్తువు లేదా ఒక చోటు పాచికల ద్వారా తేలుతాయి. అంటే ఏ పాత్రా ఒంటరిగా పుట్టదు, కుడివైపు ఒక ముడి, ఎడమవైపు ఒక ముడి ఉంటాయి. కోయెన్ సోదరుల సినిమాల్లోలా చిన్న ఆశతో మొదలైన నేరం కొన్ని గంటల్లో కొంపలు కూలుస్తుంది. గుంటూరు నేపథ్యంలో దీనికి పట్టిక రాసుకోవడం ఒక సాయంత్రం పని. బంధం: మేనమామ, మేనల్లుడు. అవసరం: చెల్లెలి పెళ్ళిలోపు అప్పు తీర్చడం. వస్తువు: నకిలీ పత్తి విత్తనాల సంచి. చోటు: మిర్చి యార్డు పక్కన కోల్డ్ స్టోరేజీ. ఈ నాలుగు ముక్కలు బల్ల మీద పడగానే, ఈ సీమలో పెరిగిన ఎవరికైనా కథ దానంతటదే నోట్లోకి వస్తుంది. ఆ విత్తనాలు మొలవకపోతే నష్టపోయే రైతు ఆ మేనమామకే వియ్యంకుడై ఉంటాడు.

మరో రెండు ఆటలు

రాబిన్ లాస్ 2013లో రాసిన హిల్‌ఫోక్‌లో ప్రతి నాటకీయ సన్నివేశం ఒక అభ్యర్థన. ఒకరు మరొకరి దగ్గర క్షమాపణో, గౌరవమో, ప్రేమో కోరతారు. ఎదుటివాళ్ళు ఇవ్వవచ్చు, నిరాకరించవచ్చు. నిరాకరిస్తే అడిగినవారికి ఒక టోకెన్, ఇస్తే ఇచ్చినవారికి. కుటుంబ కలహాలు సరిగ్గా ఇలాగే నడుస్తాయి. మార్క్ డియాజ్ ట్రుమన్ రాసిన కార్టెల్ మెక్సికోలోని డురాంగోలో మాదకద్రవ్యాల వ్యాపారం మధ్య సాగుతుంది. అందులో ఎంచుకోదగిన పాత్రల్లో వంటవాడు, కిరాయి హంతకురాలు, లంచగొండి పోలీసు, వేగు ఉన్నారు, భార్య కూడా ఉంది. ముఠా మనిషి భార్యను నేపథ్యంలో ఉంచకుండా ఆటగాడు నడిపే ప్రధాన పాత్రను చేయడం మంచి మార్పు. మగవాళ్ళ పగకు ఇంట్లో మూల్యం చెల్లించేది ఆడవాళ్ళే.

మన ఇళ్ళలోని ఆటలు

తెలుగు పిల్లలకు నేరకథల బల్లాట కొత్త కాదు. కాగితం ముక్కల మీద రాజు, రాణి, మంత్రి, దొంగ, పోలీసు అని రాసి, మడిచి, విసిరి, తలా ఒకటి తీసుకునే ఆట ఎండాకాలం సెలవుల్లో ఆడనివాళ్ళు తక్కువ. పోలీసు దొంగను కనిపెట్టాలి, తప్పితే మార్కులు దొంగకే. మార్కుల లెక్క ఇంటికో రకం. అక్కాచెల్లెళ్ళు, అన్నదమ్ములు ఆడుతున్నప్పుడు దొంగ చీటీ తీసిన తమ్ముడి ముఖం చూసి కూడా అక్క పోలీసుకు చెప్పకుండా ఉండడం, నియమాల్లో లేని కుటుంబ విధేయత.

హాస్టళ్ళలో, కాలేజీ బస్సుల్లో ఆడే మాఫియా ఆట 1986లో మాస్కో విశ్వవిద్యాలయంలో దిమిత్రీ దవిదోవ్ రూపొందించింది. మాఫియావాళ్ళకు ఒకరినొకరు తెలుసు, మిగతా ఊరికి ఎవరూ తెలియరు. తమవాళ్ళెవరో తెలిసిన కొద్దిమంది, ఏమీ తెలియని పెద్ద గుంపును ఓడించగలరన్నదే దాని సూత్రం. నేరకుటుంబం బలమంతా అక్కడే ఉంది.

పల్నాటి వీరుల కథ

పన్నెండో శతాబ్దంలో పల్నాటిని ఏలిన హైహయ వంశపు అన్నదమ్ములు వేర్వేరు తల్లుల బిడ్డలు. నలగామరాజు గురజాలలో, మలిదేవరాజు మాచర్లలో. నలగాముడి పక్షాన నాయకురాలు నాగమ్మ, మలిదేవుడి పక్షాన బ్రహ్మనాయుడు. కోడిపందెంలో రాజ్యం ఒడ్డారు. ఓడిన మాచర్లవాళ్ళు ఏడేళ్ళు ఊరు విడిచి వెళ్ళారు. గడువు తీరాక రాజ్యం అడగడానికి రాయబారిగా గురజాల వెళ్ళిన అలరాజు హత్యకు గురయ్యాడు. తర్వాత నాగులేటి ఒడ్డున కారెంపూడిలో యుద్ధం జరిగింది. రెండు పక్షాల వీరులు నేలకూలారు.

ఈ కథను నేరకథల ఆట రాసేవారి కళ్ళతో చదివితే ఒక్కో పాత్ర మీద రెండేసి బంధాలు ఎదురెదురుగా లాగుతున్నట్టు కనిపిస్తుంది. అలరాజునే చూడండి. అతను కొమ్మరాజు కొడుకు, మాచర్ల పక్షం. భార్య పేరిందేవి నలగామరాజు కూతురు. అంటే రాయబారం వెళ్ళింది మామగారింటికే. మామ కొలువులో అల్లుడికి ఉండవలసిన రక్షణను నమ్ముకుని వెళ్ళి ప్రాణం పోగొట్టుకున్నాడు. పేరిందేవికి తండ్రి ఇల్లు, భర్త ఇల్లు రెండూ ఒకేసారి పోయాయి. కథ ప్రకారం ఆమె భర్తతో సహగమనం చేసింది. సిసిలీ ముఠా కథల్లో ద్రోహం సాధారణంగా ఇంటి బయటికి పోయినవాడు చేస్తాడు. ఇక్కడ అది వియ్యపు గడప లోపలే జరిగింది.

బాలచంద్రుడి సంగతి ఇంకా లోతైనది. బ్రహ్మనాయుడి కొడుకు. అతణ్ణి యుద్ధానికి పోనీయకుండా తల్లి ఐతమ్మ బొంగరాల ఆటలో పెట్టింది. ఆ బొంగరమే ఎగిరి ఒక యువతి కాలికి తగిలింది. అవతల నీవాళ్ళు యుద్ధానికి నిలిచి ఉంటే నువ్విక్కడ బొంగరాలాడుతున్నావా అని ఆమె ఎత్తిపొడిచింది. అక్కడినుంచి అతను తల్లి దగ్గరకు, భార్య మాంచాల దగ్గరకు వెళ్ళి సెలవు తీసుకుని కారెంపూడి చేరాడు. అప్పటికి తండ్రి సంధికి ఒప్పుకున్నాడు. కొడుకు ఒప్పుకోలేదు. అలరాజు రక్తానికి జవాబు చెప్పకుండా సంధి ఏమిటన్నది అతని ప్రశ్న. తండ్రి మాట ఒకవైపు, చనిపోయిన అలరాజు రుణం ఇంకోవైపు. పెండ్రాగన్ కాగితం మీద ఈ రెండింటికీ చెరో అంకె వేసి పాచిక విసిరితే వచ్చే కుదుపు ఇదే. బాలచంద్రుడు యుద్ధం ఎంచుకున్నాడు, సంధి కూలిపోయింది.

ఈ కథలో కుటుంబం రక్తంతో ఆగదు. బ్రహ్మనాయుడు మాల కులానికి చెందిన కన్నమదాసును పెంచుకున్నాడు, సేనానిని చేశాడు. అన్ని కులాల వీరులను ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టిన చాపకూడు అతని పేరుతోనే ముడిపడింది. బాలచంద్రుడి వెంట నడిచిన స్నేహితులు వేర్వేరు కులాలవాళ్ళు, ఒకరికొకరు అన్నదమ్ముల్లా బతికారు. వారిలో బ్రాహ్మణుడైన అనపోతురాజును యుద్ధంలో చావనీయకూడదని బాలచంద్రుడు ఏదో నెపం పెట్టి వెనక్కి పంపాడు. సంగతి తెలుసుకున్న అనపోతు తన ప్రాణం తానే తీసుకున్నాడు. ప్రేమతో ఒకరిని కాపాడబోవడం వాళ్ళకు అవమానంగా తగిలిన సందర్భం ఇది. ఎంచుకున్న కుటుంబం గురించి ఈమధ్య ఆటల రూపకర్తలు ఎంతో రాస్తున్నారు. మన జానపదుల కథలో అది శతాబ్దాల నుంచి ఉంది, దాని వెనక ఉన్న కులపు గోడను కూడా మరుగుపరచకుండా ఉంది.

నాగమ్మను దుష్టపాత్రగా చూడడం అలవాటు. ఆటగాళ్ళు ఆమె పాత్రను కూడా తీసుకోవాలి. ఒక రైతు ఇంటి స్త్రీ రాజు కొలువులో మంత్రిణి అయి, తన ప్రభువు పక్షాన చివరిదాకా నిలబడింది. ఆమె విధేయత కూడా విధేయతే, పక్షం వేరు అంతే. యుద్ధం ముగిశాక బ్రహ్మనాయుడు రాజ్యాన్ని నలగాముడికే అప్పగించి గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడని కథ చెబుతుంది. ఇన్ని చావుల తర్వాత గెలిచిందెవరో ఏ లెక్కకూ అందదు.

ఈ కథకు శ్రీనాథుడి పేరుతో ద్విపద కావ్యం ఉంది, అక్కిరాజు ఉమాకాంతం దాన్ని 1911లో అచ్చువేయించారు. నోటి సంప్రదాయం వేరుగా బతికి ఉంది. అలిశెట్టి గాలెయ్య పాడిన కథను సేకరించి జీన్ రోఘైర్ ఇంగ్లీషులోకి తెచ్చిన గ్రంథం 1982లో వెలువడింది. సినిమాగా 1947లో ఒకసారి, 1966లో మరోసారి వచ్చింది. 1947 సినిమాలో బాలచంద్రుడు అక్కినేని నాగేశ్వరరావు, 1966లో బ్రహ్మనాయుడు ఎన్.టి. రామారావు, నాగమ్మ భానుమతి.

స్టూవర్టుపురం: పుట్టుకతో నేరస్థులని రాసిన చట్టం

నేరం, కుటుంబం కలిపి ఆట రాసేవారు ఆగి చూడవలసిన ఊరు బాపట్ల దగ్గర ఉంది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం చేసింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వర్తించింది. ఎవరైనా నేరం చేశారా లేదా అన్న విచారణతో పని లేదు, ఫలానా కులంలో పుడితే చాలు, పోలీసుల దగ్గర పేరు నమోదు చేసుకోవాలి, హాజరు పలకాలి, అనుమతి లేకుండా కదలకూడదు. తరతరాలుగా ఉప్పు, ధాన్యం మోసుకుంటూ తిరిగి వ్యాపారం చేసుకున్న ఎరుకలవారు ఈ ముద్ర కిందికి వచ్చారు. 1913-14 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో వారి కోసం ఏర్పాటైన సెటిల్‌మెంటుకు సర్ హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు, అదే స్టూవర్టుపురం. ఆ మనుషుల శ్రమ చీరాల పొగాకు కర్మాగారానికీ చేరింది. స్వాతంత్ర్యం వచ్చాక చట్టం రద్దయింది, 1952లో ఆ తెగలను జాబితా నుంచి తొలగించారు. ఊరి పేరు మీద పడిన మచ్చ మాత్రం అంత త్వరగా పోలేదు. లవణం, హేమలతా లవణం దంపతులు అక్కడ ఎన్నో ఏళ్ళు సంస్కరణ కోసం పనిచేశారు. సినిమాలు మాత్రం ఆ పేరును దొంగతనంతోనే మళ్ళీ మళ్ళీ ముడిపెట్టాయి.

ఆటలకు దీనితో నేరుగా సంబంధం ఉంది. దొంగల వంశం, హంతకుల తెగ అని పాత్రాభినయ ఆటల్లో సులువుగా రాసేస్తారు. కాగితం మీద ఆ మాట రాయడం ఒక పంక్తి పని. ఇక్కడ అదే పంక్తి ప్రభుత్వ రిజిస్టర్‌లో పడి, పుట్టిన బిడ్డ కూడా హాజరు పట్టీలో చేరింది. నేరం రక్తంలో ఉంటుందన్న నియమాన్ని ఏ ఆటలో పెట్టినా అది తప్పే. కుటుంబం కోసం నేరం చేయడం, నేరం చేసే కుటుంబంలో పుట్టడం, ఆ కుటుంబం మీద బయటివాళ్ళు నేరం ముద్ర వేయడం మూడు వేర్వేరు కథలు. మంచి రూల్‌బుక్ ఈ మూడింటినీ కలపదు.

సినిమాల ఫ్యాక్షన్, ఆటల ఫ్యాక్షన్

1999లో వచ్చిన సమరసింహారెడ్డి నుంచి కొన్నేళ్ళ పాటు తెలుగు సినిమాలో ఫ్యాక్షన్ కథల జోరు నడిచింది. నరసింహనాయుడు, ఇంద్ర ఆ వరసలోవే. వాటిలో కుటుంబ విధేయత ప్రశ్న కాదు, జవాబు. నాన్న కోసం, ఊరి కోసం కథానాయకుడు నరుకుతాడు, ప్రేక్షకుడు ఈల వేస్తాడు. బల్ల దగ్గర ఆ ఈల పనిచేయదు. అక్కడ నరికించుకున్నవాడి పాత్రను కూడా ఎవరో ఒక స్నేహితుడు నడుపుతూ ఉంటాడు, ఎదురుగా కూర్చుని ఉంటాడు. అతని పాత్ర చచ్చిపోతే ఆ రాత్రి అతను కొత్త కాగితం తీసుకుని, బహుశా చనిపోయినవాడి తమ్ముణ్ణి రాస్తాడు. పగ ఎలా పుడుతుందో అంత దగ్గరగా చూపించే కళ మరొకటి అరుదు.

అందుకే బల్ల దగ్గర కొన్ని జాగ్రత్తలు కావాలి. ఏ విషయాలు కథలోకి రాకూడదో, ఏవి తెర వెనక జరగాలో ముందే మాట్లాడుకోవడం ఒక పద్ధతి. జాన్ స్టావ్రోపౌలోస్ ప్రచారంలోకి తెచ్చిన ఎక్స్ కార్డ్ ఇంకో పద్ధతి: బల్ల మధ్య ఒక కార్డు ఉంటుంది, ఎవరైనా దాన్ని ముట్టుకుంటే కారణం అడగకుండా ఆ సన్నివేశం వదిలేస్తారు. గ్రామకక్షల్లో మనిషిని పోగొట్టుకున్న ఇళ్ళు ఈ ప్రాంతంలో ఉన్నాయి. ఆట ఆడేవారిలో అలాంటి ఇంటి బిడ్డ ఉండవచ్చు. ఈ కార్డు బల్ల మీద లేకుండా పల్నాటి కథను ఆడించడం బాధ్యతారహితం.

ఒక ఆట విధేయతకు అంకెలు వేసినంత మాత్రాన ఈ ఇతివృత్తానికి న్యాయం చేసినట్టు కాదు. ఒకే పాత్ర మీద రెండు విధేయతలు ఒకేసారి చెయ్యి వేసి లాగాలి, ఆటగాడు ఒకదాన్ని వదలాలి, వదిలినదాని నష్టం తర్వాతి సాయంత్రాల్లో కూడా కనిపించాలి. ఈ కొలతతో చూస్తే పెండ్రాగన్, బ్లేడ్స్ ఇన్ ద డార్క్ నిలుస్తాయి. ఫియాస్కో ఒక్క రాత్రికి నిలుస్తుంది. జొవాన్ని వంశం భయపెట్టి ఊరుకుంటుంది.

తెలుగులో ఇలాంటి ఆట రాయాలనుకునేవారు నియమాలు మొదలుపెట్టే ముందు కారెంపూడి వెళ్ళి రావాలి. కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు అక్కడ వీరుల ఉత్సవాలు జరుగుతాయి. మొదటి రోజు రాచగావు, రెండోరోజు రాయబారం, మూడోరోజు మందపోరు, నాలుగోరోజు కోడిపోరు, ఐదోరోజు కళ్ళిపాడు. వీరుల ఆయుధాలు పట్టుకుని ఊళ్ళ నుంచి వంశస్థులు, ఆచారవంతులు వస్తారు. వీరవిద్యావంతులు పంబ మోతతో కథ పాడతారు. మందపోరు నాడు చాపకూడు ఉంటుంది, ఎవరైనా కూర్చుని తినవచ్చు.